ఎడమ కంటి రెప్ప

పొద్దున్నే కల్లంలో మిరపకాయలు ఆరబోసి వచ్చి, చేతులు కడుక్కుని ఇమ్మానుయేలు ప్రార్థనకు కూర్చున్నాడు. పక్కన తల్లి ఎలీసమ్మ, భార్య రెబ్కా, ఐదేళ్ల కూతురు షారోన్. ఆమేన్ అనకముందే అతని చెయ్యి పిల్ల చెంప మీద పేలింది.

"దేవుడి ముందు కూర్చుని కంటిగుడ్డు తేలేసి వెక్కిరిస్తావా?"

"మూశాను నాన్నా!"

రెండో దెబ్బకు పిల్ల గోడకు కొట్టుకుంది. రెబ్కా అడ్డం పడింది.

"నిన్నా ఇంతే. పాస్టరు గారి ముందు నా పరువు తీసింది," అంది ఎలీసమ్మ.

"కావాలని చెయ్యట్లేదత్తా! జ్వరం తగ్గిన కాణ్ణించి నిద్రలో కూడా ఆ ఎడమ కన్ను తెరుచుకునే ఉంటోంది. తాగిన పాలు మూతి పక్కనించి కారిపోతున్నాయి. గుంటూరు ఆసుపత్రికి తీసుకెళ్దామంటే ఒక్కరన్నా విన్నారా?"

"ఐదో క్లాసులో బడి మానేసినదానివి, నువ్వు డాక్టరువా?" అన్నాడు ఇమ్మానుయేలు. " నీ గారాబమే దాన్ని చెడగొట్టింది. అడ్డం లే!"

బెల్టు తీశాడు. మొదటి దెబ్బ రెబ్కా వీపు మీద పడింది. రెండోది మోచేతి మీద చర్మం లేపింది. జుట్టు పట్టి ఆమెను పక్కకు ఈడ్చేసి, పిల్ల గడ్డం పట్టుకున్నాడు.

"మూయడం రాదా? ఇదిగో, ఇలా!" బొటనవేలితో ఎడమ రెప్పను కిందికి నొక్కాడు.

షారోన్ పెట్టిన కేకకు వీధిలో కుక్కలు మొరిగాయి. మిరపకాయలు ఆరబోసిన చేతులవి. సబ్బుతో కడిగినా ఆ మంట పోదు.

రెబ్కా చేతికందిన చెంబుతో అతని నుదుటి మీద కొట్టింది. "ఇంకోసారి దాన్ని ముట్టుకున్నావంటే చంపేస్తా!"

రక్తం కారుతున్నా ఇమ్మానుయేలు కదల్లేదు. పిల్లనే చూస్తున్నాడు. మంటకు కుడి కన్ను గట్టిగా మూసుకుపోయింది. ఎడమ కంట్లో గుడ్డు పైకి తిరుగుతోంది, నీళ్లు ధార కడుతున్నాయి, రెప్ప మాత్రం సగంలోనే ఆగిపోయింది. ఇంత మంటలో ఎవరు వెక్కిరిస్తారు?

"మూశాను నాన్నా... కొట్టొద్దు నాన్నా..."

బెల్టు జారిపోయింది. "అమ్మా, నీళ్లు! బిందె తే!" అని అరిచాడు. ఎలీసమ్మ నీళ్లు పోస్తుంటే రెబ్కా కంటిని కడిగింది. అతను దగ్గరికి రాబోయాడు.

"నీ చేతులు దూరంగా పెట్టు."

రెండు చేతులూ వెనక్కి దాచుకుని, అక్కడే కూలబడి ఏడ్చాడు.

గుంటూరు వెళ్లే ఆటోలో తల్లీబిడ్డల కాళ్ల దగ్గర కూర్చుని, ఎదురుగాలి పిల్ల కంటికి తగలకుండా వీపు అడ్డం పెట్టాడు. షారోన్ భయంభయంగా అడిగింది.

"నాన్నా, ఇప్పుడు మూసుకుందా?"

"లేదు తల్లీ. నువ్వు మూస్తూనే ఉన్నావు, రెప్పే పడట్లేదు. నాకే కనపళ్లేదు."

రెబ్కా అతనికేసి చూడలేదు. పిల్ల కాళ్లు మాత్రం మెల్లగా అతని ఒళ్లోకి జరిపింది.