ఇరవై ఒక్క రోజుల సెలవు

పొద్దున్న ఎనిమిదింటికి మిషనమ్మ కుట్టు మిషను చప్పుడు మొదలైందంటే ఆ వీధిలో బడికెళ్ళే పిల్లలు గడియారం చూసుకోరు, పరుగెత్తుతారు. నలభై ఏళ్ళుగా ముందు గదిలో కిటికీ పక్కన అదే మిషను, అదే స్టూలు. ఆవిడ భర్త ఇరవై ఏళ్ళు సైన్యంలో లారీ తోలి, మరో ఇరవై ఏళ్ళు కుర్రాళ్ళకి డ్రైవింగ్ నేర్పి, ఇప్పుడు ఇంటిపట్టున ఉంటున్నాడు. వీధిలో అందరికీ ఆయన మాస్టారే.

మాస్టారికి సైన్యంలో తగిలిన దెబ్బకు ఎడమ చెవి అసలు పనిచేయదు. ఈ మధ్య కుడి చెవి కూడా మొరాయిస్తోంది. టీ కావాలా అని మూడుసార్లు అడిగి, నాలుగోసారి అడిగే ఓపిక లేక మిషనమ్మ గ్లాసు తెచ్చి ముందు పెట్టేస్తుంది. ఎప్పుడైనా ఒళ్ళు మండితే మాత్రం నేరుగా అనదు. ఎడమ పక్కకు వెళ్ళి అనాల్సినవన్నీ అనేసి, మనసు తేలికపడ్డాక కుడి పక్కకు వచ్చి, "ఏమండీ, అన్నానికి లేస్తారా?" అంటుంది. వాళ్ళ కాపురం సజావుగా సాగడానికి ఆ ఎడమ చెవి చేసిన సాయం ఇంతా అంతా కాదు.

ఇంకో ఏడాది ఆగితే కుడి చెవి కూడా పోతుందని డాక్టరు చెప్పాడు. సైనికుల ఆసుపత్రిలో ఆపరేషన్ చేస్తారు, కానీ దెబ్బ నౌకరీలో ఉండగా తగిలినట్టు సర్వీసు రికార్డులో ఉండాలి. మాస్టారి రికార్డులో ఆ ముక్క లేదు. తప్పు దిద్దమని రెండుసార్లు దరఖాస్తు పెడితే రెండుసార్లూ తిప్పి పంపారు. ఆ తప్పేమిటో మిషనమ్మకు తెలియదు. అడిగితే, "గుమాస్తాల పొరపాటులే" అని దాటేసేవాడు.

దరఖాస్తులు మొదలైన నాటి నుంచే ఉత్తరాలు కూడా మొదలయ్యాయి. పొడుగాటి తెల్ల కవర్లు, గుండ్రటి దస్తూరీ. ఆడమనిషి దస్తూరీ అని తెలుసుకోవడానికి పెద్ద చదువులేం అక్కర్లేదు. కవరు రాగానే మాస్టారు పెరట్లోకి వెళ్ళి, నిలబడే చదువుకుని, తనలో తనే నవ్వుకుని, ఇనప్పెట్టెలో ఫైలులో దాచేవాడు.

"ఎవరు రాశారు?" అని ఒకరోజు కుడి పక్కకు వెళ్ళి మరీ అడిగింది.

"పాత స్నేహితుడి ఇంటి నుంచి."

"ఇల్లు ఎలా రాస్తుందండీ ఉత్తరం? గోడలకి చేతులొచ్చాయా?"

ఆయన వినపడనట్టు ఊరుకున్నాడు. చెవిటివాడికి అదొక్కటే సుఖం.

ఆపైన ఫోను ఒకటి. రహస్యంగా మాట్లాడాలని డాబా ఎక్కుతాడు. తనకే వినపడని మనిషి, గుసగుసగా ఎలా మాట్లాడతాడు? "మీరేం దిగులు పడకండి, నేను చూసుకుంటానుగా!" అని అరిచిన అరుపు నాలుగిళ్ళ అవతల బట్టలారేస్తున్న వాళ్ళకి కూడా వినపడింది. కింద మిషను దగ్గర మిషనమ్మ సూది పుటుక్కున విరిగింది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో తన దిగులు గురించి ఆ మనిషి అంత గట్టిగా ఒక్కనాడూ మాట్లాడలేదు.

ఆ శనివారం ఆయన క్షవరానికి వెళ్ళగానే ఇనప్పెట్టె తెరిచింది. కవర్లు తీసింది గానీ లోపలి కాగితాలు చదవడానికి చేతులు రాలేదు. చదివితే నిజమైపోతుందేమోనని భయం. వెనక ఉన్న చిరునామా మాత్రం చూసింది. ఎక్కడో రేవు ఊరు. వాటి కిందే మాస్టారి సర్వీసు రికార్డు నకలు ఉంది. సెలవుల గళ్ళలో ఒక వరస చుట్టూ ఎర్ర గీత కనిపించింది.

జూన్ మూడు నుంచి ఇరవై మూడు దాకా. ఇరవై ఒక్క రోజుల సెలవు మంజూరు, వినియోగం. వెళ్ళిన ఊరు, అదే రేవు ఊరు.

ఆ ఏడు జూన్ పదకొండున వాళ్ళ కూతురు పుట్టింది.

మిషనమ్మ అక్కడే నేల మీద కూలబడిపోయింది. రెండు రోజుల పాటు పడ్డ నొప్పులు నిన్నటివిలా గుర్తొచ్చాయి. గుమ్మంలో ఏ చెప్పుల చప్పుడైనా ఆయనే వచ్చాడనుకుని తల తిప్పి చూసేది. బిడ్డ పుట్టిన పది రోజులకు ఉత్తరం వచ్చింది, సెలవు దొరకలేదని. పాపం, ఏం చేస్తాడు, ప్రభుత్వపు నౌకరీ అని తనే సర్దిచెప్పుకుంది. సెలవు దొరికింది! తీసుకున్నాడు కూడా! అయితే తన దగ్గరికి రాలేదు, ఆవిడ దగ్గరికి వెళ్ళాడు.

ఆ రోజంతా మిషను తొక్కుతూ ఆవిణ్ణే ఊహించుకుంది. ఎప్పుడూ చూడని ఆ మనిషికి ఎత్తూ, రంగూ, జడా అన్నీ తనే అమర్చింది. అందగత్తెను చేసింది, మళ్ళీ ఓర్వలేక కాస్త మెల్లకన్ను పెట్టింది. ఆవిడకి కుట్టు రాదని, వచ్చినా కాజాలు వంకర టింకరగా వేస్తుందని తీర్మానించుకుంది. సాయంత్రం చూసుకుంటే బడి చొక్కాకి ఎడమ చెయ్యి కుడివైపు, కుడి చెయ్యి ఎడమవైపు కుట్టి ఉన్నాయి.

మర్నాడు ఆదివారం. మూడో దరఖాస్తు నింపడానికి కూతురు పొద్దున్నే వచ్చింది. బడిలో లెక్కల టీచరు, ఏదైనా వరస తప్పితే ఊరుకోదు. కాగితాలు బల్ల మీద పరిచి, "నాన్నా, రేపే గడువు. ఇదే ఆఖరి అవకాశమట. ఆ రోజుల నాటి కాగితం ఒక్కటైనా లేకపోతే మళ్ళీ కొట్టేస్తారు" అంది గట్టిగా.

"ఏ రోజుల నాటిది?" అంది మిషనమ్మ, మిషను ఆపి. "జూన్ మూడు నుంచి ఇరవై మూడు దాకానా?"

మాస్టారి చేతిలో కలం ఆగిపోయింది. ఆ మాట మాత్రం ఎలా వినపడిందో వినపడింది.

"రేవు ఊళ్ళో గాలి బాగుంటుందటగా! ఇరవై ఒక్క రోజులూ హాయిగా గడిచాయా?"

"అమ్మా, ఏమిటిది?"

"నువ్వుండు. నేను నిన్ను కంటూ చావు బతుకుల్లో ఉంటే మీ నాన్న ఎక్కడున్నాడో ఆయన్నే చెప్పనీ." మిషను సొరుగు లాగి, సూదుల పొట్లాం కింద నుంచి పసుపురంగుకు తిరిగిన కవరొకటి తీసి బల్ల మీద విసిరింది. "మీరు రాసిన ఉత్తరాలన్నీ పోయాయి. ఇదొక్కటే దాచాను. ఎప్పటికైనా చూపించి దెప్పుదామని దాచాను. సెలవు దొరకలేదని మీ చేత్తో మీరే రాశారు. చదవండి!"

మాస్టారు చదవలేదు. కవరు మీది తన దస్తూరీ చూస్తూ, "వెళ్ళింది నేను కాదే. పొడుగోడు వెళ్ళాడు" అన్నాడు.

పొడుగాయన ఆమెకు తెలుసు. మాస్టారితో పాటు లారీ తోలిన స్నేహితుడు. ఒకసారి ఇంటికొచ్చి గుమ్మానికి తల కొట్టుకుని, గుమ్మానికే క్షమాపణ చెప్పాడు. పోయిన ఏడాది కాలం చేశాడు.

"సెలవు చీటీ నా పేరనే వచ్చింది. పెట్టె కూడా సర్దుకున్నాను. ఆ సాయంత్రమే వాడికి తంతి వచ్చింది. వాడికి అంతకుముందు ఇద్దరు బిడ్డలు పురిట్లోనే పోయారు. మూడో కాన్పు, ఈసారి తల్లి కూడా దక్కదేమో అని. మా ఇద్దరిలో ఒక్కర్నే పంపుతామన్నారు. వాడి మొహం చూడలేక చీటీ వాడి చేతిలో పెట్టాను. గుమాస్తా ఊరి పేరు కొట్టేసి మార్చాడు. మనిషి పేరు తర్వాత మారుద్దామన్నాడు. ఆ తర్వాత అనేది ఇంకా రాలేదు."

"మరి చెవి?" అంది కూతురు.

"వాడి లారీ నేను తోలాను. పన్నెండో తారీకున రోడ్డు పక్కన మందుపాతర పేలింది. బండి పుస్తకంలో వాడి పేరుంది, ఆసుపత్రిలో కూడా వాడి పేరే చెప్పాను. నా పేరు చెబితే సెలవులో ఉన్నవాడివి ఇక్కడేం చేస్తున్నావంటారు, ఇద్దరికీ శిక్ష పడుతుంది. నువ్వు పుట్టావని తంతి వస్తే మావాళ్ళు మంచం దగ్గరికి తెచ్చి చదివారు. నాకు వినపడలేదమ్మా. చేతికిస్తే చదువుకున్నాను." ఆయన కలం బల్ల మీద పెట్టాడు. "వాడు బతికుండగా ఈ తప్పు దిద్దమని అడగలేకపోయాను. ఇప్పుడు వాడి భార్యే సాక్ష్యం రాసిస్తానంటోంది. ఆ ఉత్తరాలు ఆవిడవే."

కూతురు అప్పటికే పసుపు కవరును కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టుకుంది. "అమ్మా! దీని మీద సైనిక తపాలా ముద్ర ఉంది. జూన్ పదిహేను! నాన్న అక్కడే ఉన్నాడనడానికి ఇంతకన్నా ఏం కావాలి? ఇన్నాళ్ళూ సూదుల కింద పెట్టుకుని కూర్చున్నావా?"

మిషనమ్మ ఆ కవరు లాక్కుని సొరుగులో పడేసి ధడాలున మూసింది. "ఇవ్వను."

"ఆవిడెవరో తెలిసిందిగా, ఇంకా ఎందుకు కోపం?"

"తెలిశాకే ఎక్కువైంది!" మిషనమ్మ కళ్ళ నుంచి నీళ్ళు జలజలా రాలాయి. "దొంగతనంగా వెళ్ళి ఉంటే తిట్టేదాన్ని. ఇప్పుడెవర్ని తిట్టను? ఆ సెలవు మీది కాదండీ, నాది. నేను ఒక్కో రోజూ లెక్కపెట్టుకున్న రోజులవి. తీసి ఇంకొకావిడకి ఇచ్చేశారు. నొప్పులప్పుడు ఆవిడ చెయ్యి పట్టుకోవడానికి మొగుడున్నాడు. నాకు మంచం కోడు ఉంది. నాతో ఒక్క మాట చెప్పలేదు."

"ఏ మొహం పెట్టుకుని చెప్పను? మొదట భయమేసింది. తర్వాత ఆలస్యమైపోయింది."

ఆమె లేచి అలవాటుగా ఆయన ఎడమ పక్కకు వెళ్ళింది, అనాల్సినవి అనడానికి. నోరు తెరిచింది. కుట్లు పడి ముడుచుకుపోయిన ఆ చెవి తమ్మె కంటికి ఎదురుగా ఉంది. ఇన్నేళ్ళు తన కసి అంతా పోసింది ఈ చెవిలోనే. తను బిడ్డను కన్న మర్నాడు ఈ మనిషి ఒక్కడే, వేరేవాడి పేరుతో, ఏమీ వినపడకుండా పడి ఉన్నాడు. ఆమె వెనక్కి తిరిగి వచ్చి స్టూలు మీద కూర్చుంది.

కూతురు ఇనప్పెట్టెలోంచి కిందటి వారం వచ్చిన తెల్ల కవరు తెచ్చి మిషను మీద పెట్టింది. ఈసారి మిషనమ్మ చదివింది.

"అన్నయ్యగారూ, మీ ఆవిడకి చెప్పారా? చెప్పకుండా నా సాక్ష్యం ఆఫీసుకు పంపకండి. ఆ సెలవు మీదని మా ఆయన పోయేముందు గానీ నాకు చెప్పలేదు. అప్పటి నుంచి మా అబ్బాయిని చూసినప్పుడల్లా ఆవిడే గుర్తొస్తోంది. ఆవిడ రోజులు నేను వాడుకున్నాను. ఆవిడ తిడితే పడతాను."

రెండుసార్లు చదివింది. చదివి, దస్తూరీ బాగానే ఉందని ఒప్పుకుంది. సొరుగు తెరిచి పసుపు కవరు తీసి కూతురికిచ్చింది. "ఆ ఆఫీసు వాళ్ళకి ఇంకో సాక్షి పనికొస్తుందా?"

"ఎవరు?"

"ఆ రోజుల్లో ఈయన ఇంటికి రాలేదని నాకన్నా బాగా తెలిసిన వాళ్ళెవరున్నారు? రాసుకో." చేతులు ఒళ్ళో పెట్టుకుని నెమ్మదిగా చెప్పింది. "జూన్ మూడు నుంచి ఇరవై మూడు దాకా నా భర్త నా దగ్గర లేడు. పదకొండో తారీకున నేను కూతుర్ని కన్నాను. ప్రతిరోజూ గుమ్మం కేసి చూశాను. రాలేదు. దీనికి నేనే సాక్షిని."

కూతురు రాయడం ఆపి కళ్ళు తుడుచుకుంది. కింద మిషనమ్మ సంతకం పెట్టింది, ఒక్కో అక్షరం ఒత్తి ఒత్తి.

తర్వాత లేచి ఈసారి మాస్టారి కుడి పక్కకు వెళ్ళి కూర్చుంది.

"ఆవిణ్ణి ఒకసారి రమ్మని రాయండి. ఎలా ఉంటుందో నాకూ చూడాలనుంది."

"రాస్తాను." ఆయన ఆమె చెయ్యి పట్టుకున్నాడు. బిడియంగా అడిగాడు. "ఆ రోజు నిన్నడిగి ఉంటే, ఇచ్చేదానివా?"

మిషనమ్మ ఆలోచించింది. నిజంగానే ఆలోచించింది.

"ఏమో," అంది ఆయన చెవి దగ్గరగా వంగి, అందరికీ వినపడేంత గట్టిగా. "మీరు అడగలేదుగా."