బొంత మొరిగే వేళలు

ఆదివారం పొద్దున్న ఏడూ నలభైకి అనౌన్సరు గారు హాల్లో నిటారుగా నిలబడి గొంతు సవరించుకున్నారు.

"టిఫిను సిద్ధంగా ఉంది. అందరూ వెంటనే టేబుల్ దగ్గరికి రావలెను."

రైల్వే స్టేషన్లో ముప్పై రెండేళ్ళు రైళ్ళ రాకపోకలు చెప్పిన గొంతు అది. రిటైరై రెండేళ్ళయినా, ఎదురుగా మైకు లేదన్న సంగతి ఆ గొంతుకింకా తెలియలేదు. ఇంతా చేసి ఆ ఇంట్లో ఉండేది ముగ్గురు మనుషులు. అందరూ అంటే భార్య, కూతురు అన్నమాట.

ఆయన నోరు మూసీ మూయక ముందే వాళ్ళ కుక్క బొంత అందుకుంది. కుట్టుమిషను కింద పడుకున్నది కాస్తా ఒక్క ఉదుటున లేచి, మొరుగుతూ కూతురి గదిలోకి పరిగెత్తింది. ఆ అమ్మాయి పళ్ళ డాక్టరు. క్లినిక్ వీధి చివరే, మధ్యాహ్నం భోజనానికి ఇంటికే వస్తుంది. వారానికి ఒక్క రోజు ఆలస్యంగా లేవచ్చని ఆశపడే మనిషి. బొంత ముక్కుతో ఆమె మడమల్ని పొడుస్తూ టేబుల్ దాకా తోలుకొచ్చింది. తర్వాత వంటింట్లోకి దూరి అనౌన్సరు గారి భార్య చుట్టూ తిరుగుతూ మొరగడం మొదలుపెట్టింది.

"పనిలో ఉన్నానే, పక్కకి తప్పుకో," అంది ఆవిడ రొట్టె తిరగేస్తూ. బొంత తప్పుకోలేదు.

బొంత ఆ ఇంటికి వచ్చి నాలుగు నెలలైంది. ఆవిడ ఇంట్లోనే కర్టెన్లు కుట్టి ఇస్తుంది. కొత్తగా దిగబోయేవాళ్ళ కోసం కిటికీల కొలతలు తీసుకోవడానికి వెళ్ళిన ఇంట్లో ఒక పియానో టీచరు ఊరు మారిపోతూ, ఈ కుక్కనేం చెయ్యాలో తెలియక ఏడుస్తూ కూర్చుని ఉంది. ఆవిడ కొలతల టేపు మెడలో వేసుకుని, ఒక చేత్తో కుక్కని పట్టుకుని ఇంటికి వచ్చేసింది. నల్లటి వీపు, గోధుమరంగు కాళ్ళు, వీపు మీదికి చుట్టుకున్న తోక. ఒళ్ళంతా చెయ్యి పెడితే మణికట్టు దాకా మునిగిపోయేంత బొచ్చు. దూది కుక్కిన బొంతలా ఉందని ఆవిడే ఆ పేరు పెట్టింది. తనకంటూ ఆ ఇంట్లో ఆవిడ ఎవర్నీ అడక్కుండా తెచ్చుకున్నది అదొక్కటే.

రెండో రొట్టె పళ్ళెంలో పడేసరికి అనౌన్సరు గారు చావు కబురు చల్లగా చెప్పారు.

"పదింటికి గొర్రెల ఫారం ఆయన వస్తాడు. బొంతని తీసుకెళ్తాడు. మాట్లాడేశాను."

ఆవిడ అట్లకాడ చేత్తో పట్టుకునే వంటింటి గుమ్మంలోకి వచ్చింది. "ఎవర్నడిగి మాట్లాడారు?"

"నిన్నడిగితే ఒప్పుకుంటావా?"

"ఒప్పుకోను. అందుకే అడగాలి."

ఆయన కూతురి వైపు చూశారు, నువ్వు అందుకో అన్నట్టు. తండ్రీ కూతుళ్ళు ముందే కూడబలుక్కున్నారని ఆవిడకి అప్పుడర్థమైంది. కూతురు లేచి వెళ్ళి, గోల లేకుండా మాట్లాడుకుందామని బొంతని బాల్కనీలోకి తోసి తలుపు వేసింది. అది తలుపు గీరుతూ ఇంకా గట్టిగా మొరిగింది.

"అమ్మా, కోప్పడకుండా విను," అంది కూతురు ఫోను తీసి. "దీన్ని లాప్‌హుండ్ అంటారు. మంచు దేశాల్లో రెయిన్‌డీర్ మందల్ని కాసే జాతి. మొరిగి మందని తోలడం దాని పని. మన అపార్ట్‌మెంట్లో ఏ మందని తోలుతుంది చెప్పు? ఒంటరిగా ఉంచితే దిగులు పెట్టుకుంటుందట. బొచ్చు రాలుతుంది. రోజూ బోలెడు నడిపించాలి. నీ మోకాళ్ళ సంగతి నీకు తెలుసుగా."

"ఎంతసేపు చదివావే ఇదంతా?"

"రాత్రి ఓ పది నిమిషాలు."

"నేను నాలుగు నెలల్నించి చదువుతున్నాను," అంది ఆవిడ. "ఫోన్లో కాదు, దాన్నే. బొచ్చు రాలుతుంది, నిజమే. వారానికి రెండుసార్లు బాల్కనీలో కూర్చోబెట్టి దువ్వుతున్నాను. నేనిచ్చిన కర్టెన్ల మీద ఒక్క వెంట్రుక ఉందని ఎవరైనా అన్నారా? ఒంటరిగా ఉండలేదు, అదీ నిజమే. నేనెక్కడికి పోతున్నాను, పొద్దస్తమానం మిషను ముందేగా? దానికి ఎండ పడదు కాబట్టి ఐదున్నరకే పార్కుకి తీసుకెళ్తున్నాను. పార్కు చుట్టూ మూడుసార్లు తిరుగుతున్నాను. నా మోకాళ్ళ గురించి అంత బెంగగా ఉంటే, అవిప్పుడు ఎలా ఉన్నాయని ఒక్కసారైనా అడిగారా?"

అనౌన్సరు గారు గ్లాసు చప్పుడయ్యేలా టేబుల్ మీద పెట్టారు.

"పెంచుకునే కుక్కలు వేరు, పని చేసే కుక్కలు వేరు. ఇది నీకు పనికొచ్చేది కాదు."

అంతే. ఆ ఒక్క మాట అనకుండా ఉంటే కథ ఇంకోలా ఉండేదేమో. ఆవిడ అట్లకాడ తీసుకెళ్ళి టేబుల్ మధ్యలో పెట్టింది.

"నాకేది పనికొస్తుందో ఈ ఇంట్లో అందరికీ తెలుసు, నాకు తప్ప. స్కూటరు నేర్చుకుంటానంటే నీకు పనికిరాదన్నారు. మెయిన్ రోడ్డు మీద షాపు పెట్టుకుంటానంటే, పనికిరాదు, ఇంట్లోనే కుట్టుకో అన్నారు. సరే అన్నాను. సరే అనీ అనీ నా నోటికి అదే అలవాటైంది. ఈసారి అనను. ఆ ఫారం ఆయన వస్తే బొంత తాడు నా చేతికి కట్టుకుని కూర్చుంటాను. తీసుకెళ్తే ఇద్దర్నీ తీసుకెళ్ళమనండి."

ఆవిడ అలా మాట్లాడగలదని అనౌన్సరు గారికి తెలియదు. తెలియని విషయం ఎదురైనప్పుడు ఆయన రికార్డుల్ని నమ్ముకుంటారు. లేచి వెళ్ళి ఒక నోటు పుస్తకం తెచ్చి కూతురి ముందు పెట్టారు.

"చదువమ్మా. నేను ఊరికే అనడం లేదు. నెల రోజులుగా రాస్తున్నాను."

రైళ్ళ వేళలు రాసినట్టే గళ్ళు గీసి రాశారు. మొరగడం మొదలు, మొరగడం ముగింపు, ఆలస్యమైతే ఎన్ని నిమిషాలు ఆలస్యం. కూతురు పైకి చదివింది.

"సోమవారం. ఏడూ నలభై నించి ఎనిమిదీ పది. ఒంటిగంటా ఐదు నించి ఒంటిగంటా నలభై. రాత్రి ఎనిమిదీ పది నించి ఎనిమిదీ యాభై. మంగళవారం. ఏడూ నలభై నించి ఎనిమిదీ పన్నెండు. ఒంటిగంటా ఐదు నించి..." చదువుతూ చదువుతూ ఆగిపోయింది. "నాన్నా, మిగతా టైములో మొరగలేదా?"

"మొరిగితే రాయనా?" అన్నారాయన, తన ఉద్యోగధర్మాన్ని శంకించినందుకు నొచ్చుకుంటూ.

"సరిగ్గా ఒంటిగంటా ఐదుకి ఈ ఇంట్లో ఏమవుతుంది?"

"ఏమవుతుంది, భోజనానికి పిలుస్తాను."

కూతురు తండ్రిని చూసింది, బాల్కనీ తలుపు వైపు చూసింది. వెళ్ళి ఆ తలుపు తీసింది. మొరిగి మొరిగి అలిసిపోయిందేమో, బొంత లోపలికొచ్చి మిషను కింద చతికిలబడింది.

"ఇప్పుడు పిలువు నాన్నా."

"టిఫిను మధ్యలో ఏమిటే?"

"ఒక్కసారి పిలువు."

అనౌన్సరు గారికి పిలవమని అడిగిన వాళ్ళు ఈ రెండేళ్ళలో ఎవరూ లేరు. గొంతు సవరించుకుని పిలిచారు. బొంత ఎగిరి లేచింది. మొరుగుతూ వచ్చి కూతురి మడమలు పొడిచి కుర్చీలో కూర్చోబెట్టింది. ఆయన చుట్టూ ఓసారి తిరిగింది, ఆయన కూర్చునే ఉన్నారు కాబట్టి వదిలేసింది. తర్వాత ఆవిడ వెనక్కి వెళ్ళి, మోకాలి వెనక ముక్కు ఆనించి టేబుల్ వైపు నెట్టింది. ఆవిడ కదల్లేదు. అది ఆవిడ చుట్టూ తిరిగింది, మొరిగింది, మళ్ళీ నెట్టింది.

"ఊరికే మొరగడం లేదు నాన్నా," అంది కూతురు మెల్లగా. "నువ్వు రమ్మంటున్నావు. అది తీసుకొస్తోంది."

నెల రోజులుగా తన గొంతుకి ఎదురు గొంతని దేని మీద పళ్ళు నూరుతున్నారో, అదే తన పిలుపుకి పలికిన ఒకే ఒక్క ప్రాణి అని అనౌన్సరు గారికి అప్పుడు తెలిసింది. అయినా ఆయన రికార్డు మనిషి. ఒక అనుమానం మిగిలింది.

"మరి ఒంటిగంటా నలభైకి ఎందుకాపుతుంది? మనిద్దరం ఐదు నిమిషాల్లో వచ్చేస్తాంగా."

బొంత ఇంకా మొరుగుతూనే ఉంది. కూతురు గబుక్కున లేచి ఆవిడ కోసం కుర్చీ లాగింది.

"అమ్మా, కూర్చో."

ఆవిడ కూర్చుంది. ఇంట్లో మొరుగుడు ఆగిపోయింది. బొంత ముగ్గురినీ ఒకసారి చూసుకుని, టేబుల్ కింద వాళ్ళ పాదాల మధ్య ఒళ్ళు వాల్చింది.

కూతురు మళ్ళీ పుస్తకం చేతిలోకి తీసుకుంది గాని చదవలేకపోయింది. మొదలుకీ ముగింపుకీ మధ్య ముప్పై నిమిషాలు, ముప్పై ఐదు, నలభై. రోజుకి మూడు పూటలు, నెల పొడుగునా. వాళ్ళిద్దరూ వేడివేడిగా తింటున్నంతసేపూ ఆవిడ పొయ్యి దగ్గర నిలబడి ఉన్న సమయమంతా నాన్న దస్తూరీలో రాసి ఉంది. ఆ వరసలు ఆమె కళ్ళ ముందు మసకబారిపోయాయి.

"అమ్మా, చిన్నప్పట్నించీ నువ్వు మాతో కలిసి తినడం నాకు గుర్తు లేదు," అంది. "నేనెప్పుడూ చూడలేదు."

"మీరెందుకు చూస్తారు? మీ పళ్ళెంలోకి రొట్టె వస్తూనే ఉందిగా." ఆవిడ గొంతు ఇంకా దిగలేదు. "దీనికి మాత్రం రోజూ కనబడింది. మందలో ఒకటి తక్కువైందని నాలుగు నెలల్నించి మొత్తుకుంటోంది. ఇప్పుడు చెప్పండి, ఈ ఇంటికి పనికిరానిది ఎవరు?"

అనౌన్సరు గారు ఫోను తీశారు. ఫారం ఆయనకి రావద్దని చెప్పారు. పక్క ప్లాట్‌ఫారం దాకా వినబడే గొంతు అవతలి మనిషికే సరిగా వినబడనట్టుంది, రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది. ఫోను పెట్టేసి, టేబుల్ మధ్యలోంచి అట్లకాడ తీసుకుని వంటింట్లోకి వెళ్ళారు. కాసేపటికి మాడు వాసన వచ్చింది. ఆవిడ అలవాటుకొద్దీ లేవబోతే కూతురు భుజం మీద చెయ్యి వేసి ఆపింది.

రొట్టె వచ్చింది. ఒక వైపు నల్లగా, ఇంకో వైపు పచ్చిగా, ఏ ఆకారమో చెప్పలేనట్టుగా ఉంది. ఆయన దాన్ని ఆవిడ పళ్ళెంలో వేసి అక్కడే నిలబడ్డారు.

"ఇన్నేళ్ళూ అందరూ రావలెను అని పిలిచాను," అన్నారు. "అందరిలో నిన్ను లెక్కపెట్టలేదు. తప్పు నాదే."

"ఒక్క మాడిన రొట్టెకి కరిగిపోతాననుకోకండి. రేపూ ఇలాగే నిలబడాలి. ఎల్లుండీ."

"నిలబడతాను."

ఆవిడ రొట్టె తుంచి నోట్లో పెట్టుకుంది. నాలుక చురుక్కుమంది. తన ఇంట్లో, తన పళ్ళెంలో, అంత వేడి ముద్ద నోట్లో పెట్టుకుని ఎన్నేళ్ళయిందో ఆవిడకే తెలియదు. నమలడం ఆపి కళ్ళు మూసుకుంది. చెంపల మీదుగా నీళ్ళు కారిపోయాయి.

"అమ్మా," అంటూ కూతురు మంచినీళ్ళ గ్లాసు అందించబోయింది.

"ఏడుస్తున్నాను. ఏడవనీ," అంది ఆవిడ ఇంకో ముక్క తుంచుతూ. "నేను తినడం అయ్యేదాకా నన్నెవరూ లేపకండి."