ముందు క్యాబిన్‌లో రెండు సీట్లు

"ఆ లైను కాదండీ. అది బిజినెస్ క్లాస్ వాళ్ళది."

డ్రైవరమ్మ చక్రాల పెట్టెను ఆపి వెనక్కి తిరిగింది. ఎదురుగా చొక్కా గుండీలు కనిపించాయి. వాటి తాలూకు మొహం చూడటానికి తల బాగా పైకెత్తాల్సి వచ్చింది. అంత పొడుగు మనిషీ, తన ఎత్తు వల్ల ఎవరికీ ఇబ్బంది కలగకూడదన్నట్టు భుజాలు వంచుకుని నిలబడ్డాడు.

"నా చెప్పులు చూసి చెప్తున్నారా, సంచి చూసి చెప్తున్నారా?"

అతను కంగారుపడ్డాడు. ఇందాక తనూ అదే లైనులో నిలబడ్డాడట. యూనిఫాం అతను ఎగాదిగా చూసి పక్క లైనులోకి పొమ్మన్నాడట. ఆమె కూడా ఆ మాట పడటం ఎందుకని ముందే చెప్పాడట.

"మరి మీ టికెట్ ఏ క్లాసు?"

అతను ఫోన్ తిప్పి చూపించాడు. బిజినెస్సే.

"టికెట్ చేతిలో పెట్టుకుని వెనక్కొచ్చేశారా?"

"ఆయన చాలా నమ్మకంగా చెప్పాడండీ."

డ్రైవరమ్మకి ఒళ్ళు మండింది. పదండి అని అతన్ని ముందు పెట్టుకుని మళ్ళీ అదే లైనులోకి నడిచింది. యూనిఫాం అతను చెయ్యెత్తబోతే రెండు బోర్డింగ్ పాసులూ అతని ముందు పెట్టి, చదివేదాకా కదల్లేదు. చదివాక అతను ఆమెను క్షమించమన్నాడు. నాకు కాదు, ఈయనకి చెప్పండి అంది. పొడుగు మనిషి మాత్రం ఫర్లేదు ఫర్లేదు అంటూ, ఆ క్షమాపణ తన మీద వాలకముందే తిరిగి ఇచ్చేశాడు. అప్పుడే డ్రైవరమ్మ మనసులో అతనికి నిచ్చెన అని పేరు పెట్టేసింది.

డ్రైవరమ్మ అన్నది కూడా పెట్టిన పేరే. ఆమె నడిపే సిటీ బస్సులో రోజూ ఎక్కేవాళ్ళు పెట్టారు. సందుల్లోంచి, స్కూటర్ల మధ్య నుంచి అంత పెద్ద బస్సును గీత పడకుండా తిప్పుతుంది. సాయంత్రానికి నడుము విరిగిపోతుంది. ఇంతమందిని కూర్చోబెట్టి తీసుకెళ్తున్నాను కదా, ఒక్కసారి నన్నెవరైనా పడుకోబెట్టి తీసుకెళ్తే బాగుండునని ఎన్నాళ్ళ నుంచో ఆమె కోరిక. సెలవు దొరికినప్పుడల్లా వెబ్‌సైట్లు వెతికి, ఎవరూ వెళ్ళని చుట్టు దారిలో, మధ్యలో ఒక విమానం మారేలా చవకలో బిజినెస్ టికెట్ పట్టేసింది.

దూరదేశంలో ఉన్న అక్క ఆ సంగతి విని ఫోన్లోనే నెత్తి కొట్టుకుంది. అసలు ఈ ప్రయాణమే అక్క పిలిస్తే. అక్కడ ఒక సంబంధం చూసింది. అబ్బాయి మంచివాడు, ఆఫీసరు. కానీ పెళ్ళయ్యాక బస్సు నడపకూడదని వాళ్ళ ఇంట్లో ముందే చెప్పారు. ఒకసారి వచ్చి చూడు, తర్వాత నీ ఇష్టం అంది అక్క. వాళ్ళ మొహం మీదే కాదని చెప్పి రావడానికి డ్రైవరమ్మ బయల్దేరింది. కాదని చెప్పడానికైనా హాయిగా కాళ్ళు చాపుకుని వెళ్తానని అక్కతో అంది.

వాన వల్ల విమానం ఎంతకీ లేవలేదు. కిటికీ అద్దం మీద చినుకులు ఒకదాన్నొకటి తరుముకుంటున్నాయి. నడవా అవతలి సీటు నిచ్చెనది. ఆమె తన నడుము నొప్పి సంగతి చెబితే, మామూలు సీట్లలో మోకాళ్ళు గడ్డానికి తగులుతాయని, తనూ ఈ చుట్టు దారి చవక టికెట్టే కొన్నానని చెప్పాడు. ఏం చేస్తుంటారని అడిగితే కాసేపు నసిగాడు. ల్యాబులో కట్టుడు పళ్ళు తయారుచేస్తాడు. ఇప్పుడు వెళ్తున్న ఊళ్ళో చుట్టాల దగ్గరున్న వాళ్ళమ్మ మాత్రం అక్కడందరికీ పళ్ళ డాక్టరని చెప్పింది. అతనెప్పుడూ దిద్దలేదు.

"ఎందుకు దిద్దలేదు?"

"అమ్మ చాలా నమ్మకంగా చెప్పిందండీ."

డ్రైవరమ్మ నవ్వు ఆపుకోలేకపోయింది. అతనూ నవ్వాడు. నవ్వినప్పుడు అతని భుజాలు వాటంతట అవే నిటారుగా అయ్యాయి. ఆ మనిషి బాగున్నాడని ఆమెకు అప్పుడు తోచింది. తోచినందుకు తన మీద తనకే కోపం వచ్చింది. మీట నొక్కి, సీటును పూర్తిగా వాల్చుకుని, దుప్పటి ముసుగేసుకుంది.

మారాల్సిన విమానం వీళ్ళు దిగేసరికే వెళ్ళిపోయింది. కౌంటర్ దగ్గర కళ్ళజోడు తల మీదికి తోసుకున్న ఒకామె కంప్యూటరులో చాలాసేపు వెతికి, కాసేపట్లో ఇంకో విమానం ఉందని చెప్పింది. అందులో ముందు క్యాబిన్‌లో ఒక్క సీటే ఉంది. రెండోవాళ్ళు చివరి వరుసలో, టాయిలెట్ పక్కన కూర్చోవాలి.

నిచ్చెన క్షణం కూడా ఆలోచించలేదు. ఆ సీటు ఆవిడకివ్వండి అన్నాడు.

ఆమె మెచ్చుకుంటుందనే అనుకున్నాడు పాపం. డ్రైవరమ్మ అతన్ని పక్కకి లాగింది.

"నేనడిగానా మిమ్మల్ని?"

"మీ నడుము నొప్పి అన్నారు కదా అని..."

"మీ మోకాళ్ళ మాటేంటి? అవి అద్దెకి తెచ్చుకున్నవా? నాకోసం ఒకరు ముడుచుకుని కూర్చుంటే నాకు నిద్ర పడుతుందా? ఇవ్వడం వేరు, వదిలేసుకోవడం వేరు. మీరు అన్నీ వదిలేసుకుంటున్నారు."

ఆ మాట గట్టిగానే తగిలినట్టుంది. నిచ్చెన వెళ్ళి లాంజ్‌లో గోడ పక్క సోఫాలో కూలబడ్డాడు. డ్రైవరమ్మ రెండు కాఫీలు తెచ్చింది గానీ, క్షమించమనడానికి మనసొప్పలేదు. అంతలో అతని ఫోన్ మోగింది. ఎయిర్‌పోర్టుకి చుట్టాలందరితో వస్తున్నానని, డాక్టరుగారు వస్తున్నారని చెప్పానని వాళ్ళమ్మ అవతల గలగలా మాట్లాడుతోంది.  అతను లేచి నిలబడ్డాడు.

"అమ్మా, నేను డాక్టర్ని కాదు. కట్టుడు పళ్ళు చేస్తాను. బాగా చేస్తాను. చుట్టాలకి అదే చెప్పు."

 డ్రైవరమ్మ చేతిలో కప్పు అలాగే ఉండిపోయింది. వాళ్ళమ్మ గొంతు చిన్నగా వినిపించింది. ఇప్పుడిలా చెప్తే ఆ మొహాలు ఎలా చూడనురా అని వాపోయింది. అంతలోనే, అయితే మీ మావయ్య పళ్ళ సెట్టు వదులైంది, అదేదో నువ్వే చూడు అంది.

నిచ్చెన ఫోన్ జేబులో పెట్టుకుని తిన్నగా కౌంటర్‌కి నడిచాడు. ఈసారి డ్రైవరమ్మే వెనక నడిచింది. అతను గొంతు పెంచలేదు. ఇద్దరం కొన్నది ఈ సీట్లే, ఆలస్యం మీ విమానానిది, రెండు సీట్లూ ఇచ్చేదాకా ఇక్కడే ఉంటామని చెప్పి ఊరుకున్నాడు. వెనక లైను పెరిగింది. ఎవరో గొణిగారు. అతను కదల్లేదు. కౌంటరామె కళ్ళజోడు కిందికి దింపుకుని మళ్ళీ వెతికింది. మర్నాటి విమానంలో ముందు క్యాబిన్‌లో పక్కపక్కనే రెండు ఉన్నాయి, హోటల్ గది చెరొకటి ఇప్పిస్తాను, సరేనా అంది.

సరే అంటే, ఆమె చేరేలోపే ఆ సంబంధం వాళ్ళు అక్క ఇంటికి వచ్చి వెళ్ళిపోతారు. ఫోన్ చేస్తే అక్క కేకలేసింది. చివరి వరుసైతే ఏమైంది, ఎక్కి రావే అంది.

"రానక్కా. సీటు కోసం రేపటిదాకా ఆగుతున్నాను. బస్సు వద్దననివాడి కోసం ఎన్నాళ్ళైనా ఆగుతాను. వాళ్ళు వచ్చాక నువ్వే చెప్పు, మా చెల్లెలు స్టీరింగ్ వదలదని."

అక్క ఫోన్ పెట్టేసింది. డ్రైవరమ్మ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. నిచ్చెన ఓదార్చకుండా, చల్లారిన కాఫీ తీసేసి వేడిది తెచ్చి ఆమె ముందు పెట్టాడు. ఆ సాయంత్రమంతా హోటల్ కింద హాల్లో కూర్చుని, వాన చూస్తూ, ఎదుటివాళ్ళ పళ్ళ గురించీ రోడ్డు మలుపుల గురించీ మాట్లాడుకున్నారు. ఎంతకీ కబుర్లు తరగలేదు.

మర్నాడు విమానం దిగేసరికి బయట అక్క చేతులు కట్టుకుని నిలబడి ఉంది. బావ పక్కన బుద్ధిగా ఉన్నాడు. వాళ్ళు వచ్చి వెళ్ళారనీ, నువ్వు చెప్పమన్నది చెప్పేశాననీ, తల ఎత్తుకోలేకపోయాననీ అక్క దులిపేసింది.

"ఈ సంబంధం వద్దు, ఆ సీటు వద్దు. ఇంతకీ నీకేం కావాలే?"

కాదనడానికి కావలసిన మాటలన్నీ డ్రైవరమ్మ ఇంటి దగ్గరే సిద్ధం చేసుకుంది. కావాలనడానికి ఒక్కటీ తెచ్చుకోలేదు. వెనక్కి చూసింది. నిచ్చెన వాళ్ళమ్మ కోసం అటూ ఇటూ చూస్తూనే, వెళ్ళొస్తానని ఆమెకు ఎలా చెప్పాలో తెలియక పెట్టె పిడిని పైకీ కిందికీ లాగుతున్నాడు.

"అతను కావాలి," అంది.

బావ దగ్గాడు. అక్క ఆ పొడుగును కింద నుంచి పైదాకా కొలిచింది.

"అతనికి తెలుసా?"

"ఇప్పుడే తెలిసింది."

నిచ్చెన చెవులు ఎర్రబడ్డాయి. అయినా దగ్గరికొచ్చి అక్కకి నమస్కారం పెట్టాడు. "నేనే ముందు చెప్దామనుకున్నానండీ. నిన్నటి నుంచీ..."

"ఆమెతో కాదు, నాతో చెప్పండి," అంది డ్రైవరమ్మ.

అతను ఆమె వైపు తిరిగాడు. "మీరంటే నాకు ఇష్టం. మన ఊరికి తిరిగెళ్ళాక రోజూ మీ బస్సెక్కుతాను. నేను వెళ్ళాల్సింది అటు కాదు. అయినా ఎక్కుతాను."

చుట్టూ జనం పెట్టెలు ఈడ్చుకుంటూ పోతున్నారు. అక్క చెల్లెలి మొహం చాలాసేపు చూసింది. ఆ మొహంలో బతిమాలడం లేదు, భయం లేదు. చిన్నప్పుడు సైకిల్ మీద నుంచి పడి, మళ్ళీ ఎక్కుతానని మొండికేసిన మొహమే అది.

"మీ అమ్మగారు రాగానే నాకు చూపించు బాబూ, నేను మాట్లాడతాను," అంది అక్క. "ఈలోగా పెట్టెలు కార్లో పెట్టండి."

"అతనిది కూడానా?" అన్నాడు బావ.

"రెండూ," అంది అక్క.