హుండీలో పడబోయిన మూట

గవర్రాజు గుడ్డమూటని హుండీ కన్నంలో సగం దూర్చాడు. వెనకనుంచి ఒక చెయ్యి వచ్చి అతని మణికట్టు పట్టుకుంది.

"తియ్యండి బయటికి," అంది ఆ అమ్మాయి.

గవర్రాజు పోర్టులో కలాసీ. ఆ మధ్యాహ్నం మల్కాపురంలో టౌను బస్సెక్కాడు. దిగేటప్పుడు సీటు కింద మూట కనబడింది. తీసుకుని దిగి, విప్పి చూస్తే నోట్లు. బస్సు అప్పటికే కదిలిపోయింది. దారిలో దొరికిన సొమ్ము ఇంటికి తేకూడదని, అమ్మవారికి వేసెయ్యాలని వాళ్ల ఊళ్లో ఆచారం. ఎదురుగా గుడి ఉంది. తిన్నగా లోపలికి వచ్చాడు.

"మీరెవరండి?" అన్నాడు.

"గంగాభవాని. అదే బస్సులో మీ వెనక సీటు. మీరు మూట జేబులో పెట్టుకోవడం చూశాను. దొంగనుకుని మీ వెనకే దిగాను."

"నాను దొంగనేటండి? అమ్మోరికి ఏసేత్తన్నాను గదా."

"దొంగే నయమండీ. పట్టుకుంటే డబ్బయినా తిరిగొస్తుంది. అమ్మవారి దగ్గర్నుంచి ఎవరు తెస్తారు?"

గవర్రాజు మూట బయటికి లాగాడు. మణికట్టు ఇంకా ఆమె చేతిలోనే ఉంది. అది ఆమె కూడా చూసుకుని వదిలేసింది.

మూట తీసుకుని వాసన చూసింది. "చేపలు," అంది. ముడి దగ్గర పొలుసు అంటుకుని ఉంది.

"అయితే ఆ అవ్వదే," అన్నాడు గవర్రాజు. "ఖాళీ గంపతో నా ముందు సీట్లో కూకుంది. భీమిలి ఎల్లాలంది. ఎనక స్టాపులో, బస్టాండు కాడ దిగిపోనాది."

"మరి భీమిలి టిక్కెట్టుకి ఆవిడ దగ్గర డబ్బులేవి?"

ఆమె మూట అతనికిచ్చింది. ఇద్దరూ బస్‌స్టాండు వైపు నడిచారు. వాన మొదలైంది. ఆమె గొడుగు తెరిచింది. అతను పక్కన తడుస్తూ నడుస్తున్నాడు.

"గొడుగులోకి రండి."

"పర్లేదండి."

"మీకోసం కాదు. మూట తడుస్తోంది."

మూట తడవనంత మేరకు అతను గొడుగు కిందికి వచ్చాడు.

భీమిలి బస్సు మెట్ల దగ్గర ఆ అవ్వ, జోగమ్మ, నడుం దగ్గర చీర మడతలు వెతుక్కుంటోంది. "ఏటవ్వా, ఎక్కుతావా లేదా?" అంటున్నాడు కండక్టరు.

గవర్రాజు మూట అందించబోయాడు. గంగాభవాని మోచేత్తో ఆపింది. "ఏం పోయింది అవ్వా?"

"డబ్బులమ్మా. వలకి నూలు కొనాల. మనవరాలి గౌను ముక్కలో కట్టినాను, నీలం గుడ్డ. నా కొడుక్కి ఏటి సెప్పుకోను?"

మూట నీలం రంగుదే. గవర్రాజు దాన్ని ఆమె గంపలో పెట్టాడు. జోగమ్మ ముడి విప్పి ఒక నోటు అతని చేతిలో పెట్టబోయింది.

"ఒద్దవ్వా. ఈవిడ సెయ్యి పట్టుకోపోతే నీ సొమ్ము హుండీలో ఏసేసీవోణ్ణి."

"సెయ్యి పట్టుకుందేటి?" అని జోగమ్మ ఇద్దర్నీ చూసింది. గంగాభవాని గొడుగు సర్దుకుంది. బస్సు కదిలాక కూడా జోగమ్మ కిటికీలోంచి వాళ్లనే చూస్తూ వెళ్లింది.

వాన తగ్గలేదు. ఎవరూ కదల్లేదు.

"ఇకమీదట ఏటి దొరికినా మిమ్మల్ని అడిగే సేత్తానండి," అన్నాడు గవర్రాజు.

"రోజూ దొరుకుతాయా ఏంటి?"

"దొరక్కపోయినా అడగొచ్చా?"

"ఏమని?"

"నన్ను సేసుకుంటారా అని."

ఆమె వాన వైపు చూసింది.

"మా నాన్నగారి పేరు రమణమూర్తి. రిఫైనరీలో ఫిట్టరు," అంది. "మాది గోదావరి వైపు, ఇప్పుడు మల్కాపురంలో ఉంటున్నాం. ఆదివారం ఆయన ఇంట్లోనే ఉంటారు. ఆ మాట ఆయన్ని అడగండి."

"ఒప్పుకుంటారేటండి?"

"నేను ముందే చెప్పి ఉంచుతాను."