టెబట్ బూట్ల కిర్రు

మే నెలలో ఒక మంగళవారం పొద్దున, స్కార్‌బెక్ రేవు వీధిలో శవం పక్కన నిలబడి ఇన్‌స్పెక్టర్ డ్రేకట్ హంతకుడి మనసు గురించి చాలా గంభీరంగా చెబుతుండగా, కళ్ళద్దాల దుకాణం గుమ్మంలో ఎవరో కిసుక్కున నవ్వారు.

డైరెక్టరు చెయ్యెత్తాడు. కెమెరా ఆగింది. శవం లేచి కూర్చుని మెడ తడుముకుంది.

నవ్వింది బ్రయొనీ మెట్‌కాఫ్. ఇరవై తొమ్మిదేళ్ళ పిల్ల, ఆ దుకాణంలోనే పని చేస్తుంది. పదేళ్ళుగా ఆదివారం సాయంత్రాలు ఇంగ్లండంతా టీవీల ముందు కూర్చుని చూసే ‘డ్రేకట్’ సీరియల్ తన వీధికే షూటింగుకి వచ్చిందని తెలిసి, అద్దాలు తుడిచే గుడ్డతో సహా బయటికొచ్చేసింది. అయితే ఆమె చూస్తున్నది ఇన్‌స్పెక్టర్‌ని కాదు. ఆయన వెనక, అందరి చూపూ శవం మీదున్న సమయంలో, కానిస్టేబుల్ టెబట్ ఎవరింటి ముందో ఒరిగిపోయిన పూలకుండీని మెల్లగా నిలబెట్టి, కోటు చేతితో మట్టి తుడుస్తున్నాడు. అది చూశాక నవ్వాపుకోవడం ఆమె వల్ల కాలేదు.

చెవులకి హెడ్‌ఫోన్లు, చేతిలో పొడవాటి కర్రకి కట్టిన మైకుతో ఒక మనిషి వీధి దాటి నేరుగా ఆమె దగ్గరికే వచ్చాడు. కళ్ళజోడు ముక్కు చివరికి జారి ఉంది.

“నవ్వింది మీరేనా?”

“నేనే. నవ్వొచ్చింది.”

“శవాన్ని చూసా?”

“టెబట్‌ని చూసి.”

“ఇన్‌స్పెక్టర్ మాటలు సగం గాలికి పోయాయి. మీ నవ్వు మాత్రం చక్కగా పడింది. ఈసారి నవ్వాలనిపిస్తే తలుపేసుకుని నవ్వండి.”

తప్పయిందని ఒప్పుకుని లోపలికి పోయి ఉంటే ఈ కథే లేదు. బ్రయొనీ పోలేదు. “మీరు సౌండు చూస్తారా? అయితే ఒకటి చెప్పండి. నాలుగో సీజన్ నుంచి టెబట్ బూట్లు ఎందుకు కిర్రుమనడం లేదు?” అనడిగింది.

ఆ మనిషి హెడ్‌ఫోన్లు మెడ మీదికి దించాడు. “ఏమన్నారు?”

“కుడి బూటు. ఇన్‌స్పెక్టర్ చెప్పింది ఆయనకి నమ్మకం కుదరనప్పుడల్లా కిర్రుమనేది. మిసెస్ పాల్‌గ్రేవ్‌తో ఏదో చెప్పబోయి, చెప్పకుండా వెళ్ళిపోయేటప్పుడు కూడా. ఉన్నట్టుండి మానేసింది.”

మిసెస్ పాల్‌గ్రేవ్ అంటే ఆ సీరియల్లో ఇన్‌స్పెక్టర్ అద్దెకుండే ఇంటావిడ. కథకి ఆమెతో పనిలేదు. టీ ఇస్తుంది, వెళ్తుంది.

అతను ఆ కిర్రు తనే పెట్టానని చెప్పాడు. కొత్తగా ఉద్యోగంలో చేరిన రోజుల్లో, ఎవరూ అడక్కుండా, తన సరదా కొద్దీ పాత తోలు సంచీ నలిపి ఆ చప్పుడు చేసేవాడట. నాలుగో సీజన్లో కొత్తగా వచ్చిన పెద్దలు తీసేయమన్నారట.

“పదేళ్ళలో అది విన్నది మీరొక్కరే,” అన్నాడు. కోపం ఎటు పోయిందో అతనికే తెలియలేదు.

అతని పేరు గెథిన్ ప్రోబర్ట్. వేల్స్‌వాడు, ఊరు కార్డిఫ్.

మర్నాడు గెథిన్ కళ్ళజోడు మర ఊడిపోయింది. బ్రయొనీ బిగించి ఇచ్చింది. ఆ మర్నాడు రెండో వైపుది ఊడింది. శుక్రవారం నాటికి ఊడడానికి అందులో మరలేమీ మిగల్లేదు, అయినా వచ్చాడు. స్కార్‌బెక్‌లో వాన పైనుంచి పడదు, సముద్రం వైపు నుంచి వచ్చి అడ్డంగా కొడుతుంది. అలాంటి వాన మొదలైతే షూటింగు ఆపక తప్పదు. ఆ వారం వానకి గెథిన్ అంటే చాలా ఇష్టం ఉన్నట్టే ఉంది.

దుకాణంలో కుర్చీ లాక్కుని కూర్చుని, ఆమె రాసేవాటి గురించి అడిగేవాడు. బ్రయొనీకి ఇంటర్నెట్లో ఒక పేజీ ఉంది. పేరు ‘వెనక నిలబడ్డవాళ్ళు’. టీవీలో వచ్చే హత్య కథల్లో చిన్న పాత్రల గురించి ఆదివారం ఆదివారం రాస్తుంది. చదివేవాళ్ళు ఆరువందల మంది. శవాన్ని కోస్తూనే పక్కన శాండ్‌విచ్ తినే డాక్టర్ మింటో మీద ఒకసారి, కర్టెను వెనక నుంచి వీధంతా చూసి పోలీసులకి మాత్రం ఏమీ చూడలేదని చెప్పే పక్కింటి ముసలమ్మ మీద ఇంకోసారి.

“హంతకుణ్ణి పట్టుకోవడం ఇన్‌స్పెక్టర్ ఉద్యోగం, పట్టుకుంటాడు. దానికోసం మళ్ళీ వారం ఎవరొస్తారు? మిసెస్ పాల్‌గ్రేవ్ ఈసారైనా టెబట్‌ని లోపలికి రమ్మంటుందేమోనని వస్తాం,” అనేది బ్రయొనీ.

“అందరూ అలా వస్తారా, మీరొక్కరేనా?”

“మా అమ్మ వచ్చేది.”

ఆ మాటతో మిగతాది కూడా చెప్పింది. అమ్మ ఆస్పత్రిలో ఉన్న చివరి చలికాలం, మంచం పక్కన చిన్న టీవీలో ఇద్దరూ కలిసి పాత భాగాలన్నీ చూశారు. ఎవరు చంపారన్నది అమ్మకి అక్కర్లేదు. మందుల మత్తులో కునికి లేచి, “టెబట్ ఏమైనా తిన్నాడా?” అని అడిగేది. తిన్నాడమ్మా అని చెబితే మళ్ళీ కళ్ళు మూసుకునేది. ఆమె పోయిన నెల రోజులకి బ్రయొనీ మొదటి వ్యాసం రాసింది.

గెథిన్ లేచి తన హెడ్‌ఫోన్లు ఆమె చెవులకి పెట్టి, మైకు కిటికీ దగ్గర పట్టుకున్నాడు. రేవులో పడవల మీద కప్పిన పట్టాల మీద వాన పడుతోంది. ఒక్కో పడవకి ఒక్కో చప్పుడు. పుట్టినప్పటి నుంచి ఆ వీధిలోనే ఉన్న బ్రయొనీకి ఆ వాన కొత్తగా వినబడింది. మైకు మెల్లగా తనవైపు తిరిగేసరికి తన ఊపిరి తనకే పెద్దగా వినబడి, సిగ్గేసి హెడ్‌ఫోన్లు తీసి ఇచ్చేసింది.

“మైకు ఇటెందుకు తిప్పావు?” ‘మీరు’ ఎప్పుడు ‘నువ్వు’ అయిందో ఆమె గమనించలేదు. అతను గమనించాడు.

“చేతికి అలుపొచ్చింది,” అన్నాడు.

అలా రెండు వారాలు గడిచాయి. మూడో వారం గురువారం నాడు, అతను తీగ చుట్టుకుంటుండగా ఆమె మాటల్లో మాటగా అడిగింది: “టెబట్‌కి ఏమీ కాదు కదా?”

గెథిన్ తీగ చుట్టడం ఆపలేదు, జవాబూ చెప్పలేదు. చుట్టడం పూర్తయ్యాక వాన తగ్గిందని చెప్పి వెళ్ళిపోయాడు.

ఆ ఆదివారం బ్రయొనీ తన జన్మలో రాయనంత బాగా రాసింది. కానిస్టేబుల్ టెబట్ ఈ సీజన్ చివర్లో చనిపోతాడని, అందుకు తొమ్మిది ఆధారాలున్నాయని వరసగా పెట్టింది. దుస్తుల బండి కిటికీలో వేలాడుతున్న మిసెస్ పాల్‌గ్రేవ్ నల్ల గౌను. ఎప్పుడూ ఆరుగురుండే కానిస్టేబుళ్ళకి, సంతాపానికి చేతికి కట్టుకునే నల్ల పట్టీలు అయిదే. టెబట్ సైకిలుకి కట్టిన ‘తిరిగి ఇచ్చేయాలి’ అన్న చీటీ. అన్నీ వీధిలో నిలబడి చూసినవే. తొమ్మిదోది మాత్రం చూసింది కాదు: ‘షూటింగులో పనిచేసే ఒక స్నేహితుణ్ణి అడిగాను. అతను అబద్ధం చెప్పలేక మౌనంగా ఉండిపోయాడు.’

సోమవారం మధ్యాహ్నానికి పత్రికలవాళ్ళు దాన్ని ఎత్తుకున్నారు. మంగళవారానికి లక్షమంది చదివారు. బ్రయొనీ గాల్లో తేలింది. దుకాణానికి వచ్చినవాళ్ళు కళ్ళద్దాల సంగతి వదిలేసి, టెబట్‌ని చంపేది ఎవరని అడిగారు.

బుధవారం గెథిన్ వచ్చాడు. కూర్చోలేదు.

మూడు వారాలుగా అతను ఏ దుకాణంలో కూర్చుంటున్నాడో షూటింగులో అందరికీ తెలుసు. ప్రొడ్యూసర్ మిస్ క్వెయిల్ అతన్ని పిలిచి, సంగతి తేలేదాకా షూటింగు దగ్గరికి రావద్దని చెప్పింది. కథ బయటపెట్టిన మనిషన్న పేరు పడితే ఇక ఎవరూ పనికి పిలవరు.

“నేను నీకు ఒక్క మాటైనా చెప్పానా?” అనడిగాడు.

“లేదు. ఆ సంగతే వాళ్ళకి చెప్తాను. నువ్వేమీ అన్లేదని...”

“ఏమీ అనకపోవడమే కదా నువ్వు రాసింది.” అతని గొంతు పెరగలేదు. “నీతో అబద్ధమాడ్డం ఇష్టంలేక నోరు మూసుకున్నాను, బ్రయొనీ. దాన్ని తీసుకెళ్ళి తొమ్మిదో నంబరు వేశావు.”

తలుపుకి కట్టిన గంట మోగింది. అతను వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రం తను రాసింది మళ్ళీ చదువుకుంది. మొదటి ఎనిమిదీ చదువుతుంటే ఇంకా గర్వంగానే అనిపించింది. తొమ్మిదోది చదవలేకపోయింది. ఆ పేజీ తీసేసి, దాని చోట నాలుగు వాక్యాలు రాసింది: ఒక మనిషి తన మీద నమ్మకంతో మౌనంగా ఉంటే దాన్ని ఆధారంగా వాడుకున్నానని, అది తన తప్పేనని, ఆ మనిషి ఏ రహస్యమూ చెప్పలేదని. లక్షమందీ వచ్చి చూస్తున్న రోజునే అది అక్కడ పెట్టింది.

గురువారం సెలవు పెట్టి, షూటింగువాళ్ళు భోజనాలు చేసే చర్చి హాలుకి వెళ్ళింది. మిస్ క్వెయిల్ అరవై ఏళ్ళ సన్నటి మనిషి, సూపు తాగుతోంది.

“రాసింది నేనే. మిమ్మల్ని ఒక పావుగంట వీధిలోకి తీసుకెళ్తాను, రండి,” అంది బ్రయొనీ.

“ఎందుకమ్మాయ్?”

“మీ కథ ఎవరు బయటపెట్టారో చూపిస్తాను.”

మిస్ క్వెయిల్ చెంచా కింద పెట్టి లేచింది. బ్రయొనీ తన దుకాణం గుమ్మంలో ఆమెని నిలబెట్టి ఒక్కొక్కటే చూపించింది. నల్ల గౌను ఇంకా ఆ కిటికీలోనే వేలాడుతోంది. సైకిలుకి చీటీ ఇంకా ఉంది. ఎనిమిదోది చూపించేసరికి మిస్ క్వెయిల్ నుదురు పట్టుకుంది.

“తొమ్మిదోదో?”

“అది ఆధారం కాదండీ. అతని మంచితనం. అది నేను ముట్టుకోకుండా ఉండాల్సింది. శిక్ష వేయాలనుకుంటే, ఇక మీదట నన్ను ఈ వీధిలో నిలబడనివ్వకండి. అతన్ని పన్లోకి తీసుకోండి.”

మిస్ క్వెయిల్ చాలాసేపు సైకిలు వైపే చూసింది. తర్వాత, మామూలు ప్రేక్షకురాల్ని అడిగినట్టు, టెబట్ చనిపోతే నీకెలా ఉంటుందని అడిగింది. ఎవరెలా పోయినా కథలో ఇన్‌స్పెక్టర్ బాధపడడానికే పోతారని, టెబట్ కూడా అందుకే పోవడం తనకి ఇష్టంలేదని, ఆయనకంటూ ఒక ముగింపు ఉండాలని బ్రయొనీ చెప్పింది. మిస్ క్వెయిల్ సూపు చల్లారిపోతుందని వెళ్ళిపోయింది.

శుక్రవారం గెథిన్ పనిలోకి వచ్చాడు. బ్రయొనీ గాజు తలుపు లోపలి నుంచి చూసింది. అతను ఇటు చూడలేదు. శనివారం ఎండ కాసింది. అతని కళ్ళజోడుకి ఏమీ కాలేదు.

ఆదివారం మధ్యాహ్నం బ్రయొనీ వంటగదిలో ఉండగా తలుపు తట్టిన చప్పుడైంది. తీసింది ఆమె తండ్రి నార్మన్. గుమ్మంలో గెథిన్, చేతిలో కాగితంలో చుట్టిన కేకుతో.

నార్మన్ అతన్ని కింది నుంచి పైదాకా చూశాడు. “మైకు పట్టుకునే మనిషివి నువ్వేనా?”

“అవునండీ.”

“నాలుగు రోజులుగా మా అమ్మాయి చెయ్యి పడ్డదల్లా మాడిపోతోంది. ఇవాళ బీఫ్ వండుతోంది. నువ్వు తొందరగా లోపలికి రా.”

ముగ్గురూ భోజనానికి కూర్చున్నారు. మాట్లాడింది నార్మన్ ఒక్కడే. ముప్ఫయ్యొక్క ఏళ్ళు బస్సు నడిపినవాడు, దారిలో ఎవరెక్కినా మాట్లాడించడం అలవాటు. కార్డిఫ్‌లో నీకెవరెవరున్నారు, అమ్మేం చేస్తుంది, ఉల్లిపాయల గ్రేవీ తింటావా అని అన్నీ ఆయనే అడిగి తెలుసుకున్నాడు. తిన్నాక, గిన్నెలు మీరిద్దరూ కడగండి, నాకు నడుం నొప్పి అని ముందు గదిలోకి పోయాడు. ఆయనకి నడుం నొప్పి ఎప్పుడూ లేదు.

ఆమె కడుగుతుంటే అతను తుడుస్తూ, టెబట్‌ని చంపడం లేదని చెప్పాడు. అందరికీ తెలిసిపోయిన చావు చావే కాదని మిస్ క్వెయిల్ రాత్రికి రాత్రి చివరి భాగం మార్పించిందట. మిసెస్ పాల్‌గ్రేవ్ టెబట్‌ని లోపలికి రమ్మంటుంది. ఇద్దరూ కలిసి ఊరు వదిలి వెళ్ళిపోతారు.

“ఇది నాకు చెప్పొచ్చా?” అంది బ్రయొనీ.

“నీకు చెప్పమని ఆవిడే పంపింది. రాస్తావా?”

“రాయను. లక్షమంది ముందు నా లెక్క తప్పుతుంది, తప్పనీ.” ఆమె చేతులు నీళ్ళలోనే ఉండిపోయాయి. “గెథిన్, నాకు కనబడింది చూడకుండా ఉండడం చేతకాదు. ఎక్కడ ఆగాలో మాత్రం ఇప్పుడు తెలిసింది. నన్ను క్షమించు.”

“నువ్వు చూడ్డం మానకు. నా బూటు చప్పుడు విన్నది నువ్వొక్కదానివే. నేను మాట్లాడకుండా ఉంటే మాత్రం, ఊరికి చెప్పకముందు నన్నడుగు.”

“అడిగితే చెప్తావా?”

“అడిగి చూడు.”

అతను అదే పళ్ళాన్ని మూడోసారి తుడుస్తున్నాడు. అది ఎప్పుడో ఆరిపోయింది. బ్రయొనీ అతని వైపు తిరిగింది.

“ఇప్పుడెందుకు మాట్లాడ్డంలేదు?”

“వచ్చే శనివారం మా బండ్లు వెళ్ళిపోతాయి. వెళ్ళేలోగా నువ్వంటే ఇష్టమని ఎలా చెప్పాలా అని.”

“చెప్పేశావుగా.”

“నువ్వు చెప్పాలి ఇంక.”

ఆమె సబ్బు నురగ చేతులతోనే అతని కళ్ళజోడు తీసి కిటికీ గట్టు మీద పెట్టింది. ఆమె చెప్పాల్సింది మాటల్లో చెప్పలేదు. అతను తిరిగి అడగలేదు.

కాసేపటికి ముందు గదిలోంచి బస్సుల, రైళ్ళ టైంటేబుల్ కాగితాలు తిరగేస్తున్న చప్పుడు, దాని వెనకే నార్మన్ గొంతు వినబడింది. “బ్రయొనీ, ఏ శనివారమైనా పొద్దున ఏడింటి బస్సెక్కితే యార్క్‌లో పదింటి రైలు దొరుకుతుంది. మూడింటికల్లా కార్డిఫ్‌లో దిగుతావు. ఆదివారం మధ్యాహ్నం రైలుకి తిరిగి రావచ్చు. బర్మింగ్‌హామ్‌లో మారేటప్పుడు మాత్రం పరిగెత్తాలి తల్లీ. స్టేషనుకి రమ్మని ఆ అబ్బాయికి చెప్పు.”