మట్టి ఎద్దు మీద నంబరు

ఉదయం ఎనిమిదిన్నరకు ఆర్కియాలజీ స్టోర్ రూమ్ తెరిచారు. దూది పరిచిన డబ్బా ఖాళీ. ముందు రోజు తవ్వకంలో దొరికిన కాల్చిన మట్టి ఎద్దు లేదు.

తాళంచెవి ఉండేది వాచ్‌మన్ దగ్గర. అందరి ముందూ ఆయన సంచి బోర్లించారు. తువ్వాలు, టిఫిన్ డబ్బా, పాత రేడియో. అయినా ప్రొఫెసర్ తాళాలు లాక్కున్నాడు. సాయంత్రంలోగా ఎద్దు దొరక్కపోతే ఉద్యోగం పోయినట్టేనన్నాడు.

మధ్యాహ్నం ఎస్సై వచ్చింది. ఏ కేసులోనైనా ఆమె ముందు వెతికేది లాభం ఎవరిదని.

"అమ్మితే కొనేవాళ్లున్నారా?"

"ఒక కొమ్ము లేదు, ఎవరు కొంటారండీ? విలువ మాకే," అన్నాడు ప్రొఫెసర్.

"గిట్టని బేరానికి ఎవరూ చెయ్యి కాల్చుకోరు. నిన్న ఆఖరున గదిలో ఎవరున్నారు?"

ఇద్దరు డిగ్రీ విద్యార్థులు వచ్చారు. అందరూ నిచ్చెన అని పిలిచే పొడుగు కుర్రాడు. ఎద్దును తవ్వి తీసిన అమ్మాయి, క్లాస్ ఫస్ట్.

"తవ్వకంలో దొరికిన కుండ పెంకులు కడిగి నంబర్లు వేశాం. ఆరింటికి నేను వెళ్లిపోయా. ఎద్దు డబ్బాలో హాయిగా పడుకునుంది మేడమ్," అన్నాడు నిచ్చెన.

"నువ్వు?"

"దాని బొమ్మ గీసుకుని వెళ్లానండి. వాచ్‌మన్ బాబాయ్ తాళం వేశాడు." అమ్మాయి బొటనవేలి మీది ఇంకు మరక గీకుతోంది.

"ఈ నంబర్లెందుకు?"

"ఏ ట్రెంచ్‌లో తవ్వితే, ఏ పొరలో దొరికిందో తెలియకపోతే అది ఉత్త మట్టండీ!" ఈసారి జవాబు తడుముకోకుండా వచ్చింది.

ఎస్సై కిటికీ పక్కనున్న పెంకుల ట్రే మీదికి వంగింది. చాలాసేపు వెతికి మూడు ముక్కలు ఏరింది.

"మిగతా పెంకుల అంచులు మాసి, అరిగిపోయాయి. వీటి అంచులు ఎర్రగా ఉన్నాయి. నిన్న విరిగినవి."

మూడింటినీ కలిపింది. మూపురం, మెడ, డొల్ల పొట్ట. ఎద్దు!

"పగిలింది దాచడానికి పగిలినవాటి మధ్యకన్నా మంచి చోటేది? కానీ ఈ ట్రే రెండో ట్రెంచ్‌ది. మూడు ముక్కల మీదా విడివిడిగా నాలుగో ట్రెంచ్, మూడో పొర అని రాసుంది. దొంగకి ఆ శ్రమ దేనికి? ఎద్దు ఉత్త మట్టైపోతుందని బెంగపడ్డ మనిషే రాసింది. కదమ్మా?"

అమ్మాయి తలూపింది. "చెయ్యి జారింది. పొద్దున్నే చెబుదామనుకున్నా. ఈలోగా బాబాయ్ సంచి..."

"వెతుకుతున్నప్పుడు ఎక్కడున్నావు?"

"పక్కనే. రేడియో... నేనే పట్టుకున్నా."

గుమ్మంలో నిలబడ్డ వాచ్‌మన్ అంతా విన్నాడు. ప్రొఫెసర్ తాళాలు బల్ల మీద పెట్టి, "అతికించొచ్చులే," అన్నాడు, ఎవరి ముఖమూ చూడకుండా.

వాచ్‌మన్ తాళాలు తీసుకున్నాడు. అందరూ బయటికొచ్చాక గదికి తాళం వేశాడు. సంచి భుజానికి తగిలించుకోబోయి ఆగాడు. దాని నోరు తెరిచాడు.

"ఇంటికెళ్తున్నాను సార్."



ఆయన రేడియో తీసి అమ్మాయికి అందించాడు.

"పట్టుకో తల్లీ. అడుగున ఏముందో సార్‌ని చూసుకోనీ."