తేడా ఉన్న చోటల్లా

"గడియారం వీధి మూసేశారన్న లైను నేను రాయలేదు మేడమ్. మర్చిపోయాను," అన్నాడు రాయుడు తల వంచుకుని.

చిట్టికి ఒళ్ళు మండిపోయింది. మర్చిపోయాడట! నిన్న, మంగళవారం మధ్యాహ్నం, గడియారం వీధి అడ్డంగా తవ్వేసి ఉందన్న సంగతి మర్చిపోయి అంబులెన్సుని నేరుగా ఆ గోతి దగ్గరికే పంపాడు. బండి వెనక్కి తిప్పుకుని వేరే దారి పట్టేసరికి పదకొండు నిమిషాలు పోయాయి. లోపలున్న పెద్దాయన అదృష్టం బాగుండి బతికి బట్టకట్టాడు. ఆ బండి నడిపింది చిట్టి సొంత అన్నయ్య.

సూపర్‌వైజర్ మేడమ్ కాగితం ముందుకు జరిపింది. అతను సంతకం పెట్టాడు.

"ఒంటిగంటకి ఇది హెడ్డాఫీసుకి వెళ్తుంది. వెళ్తే నీ కుర్చీ ఉండదు. తెలుసు కదా?"

"తెలుసు మేడమ్."

"ఈలోపు ఇద్దరూ కూర్చుని మీ రెండు ఫైళ్ళూ కలిపి ఒకటి చెయ్యండి. ఒక్కళ్ళు చేస్తే నేను ఒప్పుకోను. ఒంటిగంటకల్లా అన్ని బళ్ళకీ కొత్త ఫైలు అందాలి."

అప్పటికి టైము పదకొండున్నర.

రెండు ఫైళ్ళు కావడానికి కారణం వాన. ఇరవై రోజుల కిందట అంబులెన్స్ కంట్రోల్ రూము కప్పు కారితే, సగం ఆఫీసుని రోడ్డు అవతలి బిల్డింగులోకి మార్చారు. చిట్టి ఇటు, అతను అటు. రెండు కంప్యూటర్లనీ కలిపే కేబుల్ మధ్యలో లేదు. ఏ వీధి తెరిచుంది, ఏ వీధి మూసేశారు అని వీధికో లైను రాసుకునే ఫైలు చెరొకటి. ఆదివారం ఆదివారం అతను తన ఫైలుని పెన్‌డ్రైవులో పంపిస్తే, చిట్టి రెండూ కలిపి తిరిగి పంపాలి.

పెన్‌డ్రైవుతో పాటు కిటికీల్లోంచి చూపులు కూడా అటూ ఇటూ నడిచాయి. వాన పడుతుంటే అతను అద్దం తుడుచుకుని మరీ చూసేవాడు. చిట్టి అటు తిరిగి కూర్చున్నట్టే కూర్చుని ఓరకంట అతన్నే చూసేది. ఇంతా చేసి, ఇంటికొచ్చి అన్నయ్యతో మాట్లాడమంటే మాత్రం "వచ్చే ఆదివారం" అనేవాడు. మూడోసారి ఆ మాట విన్నాక చిట్టి అతనికి వాయిదాలరాయుడని పేరు పెట్టింది. ఇప్పుడు ఆఫీసంతా రాయుడనే పిలుస్తోంది.

ఇక ఏ ఆదివారమూ అక్కర్లేదని చిట్టి నిన్ననే తేల్చుకుంది. తేల్చుకున్న దగ్గర్నుంచీ అన్నం సయించడం లేదు. అది వేరే సంగతి.

"నువ్వెళ్ళి టీ తాగు. నేను కలిపేస్తాలే," అన్నాడు రాయుడు, పెన్‌డ్రైవు కంప్యూటర్‌కి తగిలిస్తూ.

"మేడమ్ ఇద్దర్నీ అంది."

"నూట నలభై తేడాలున్నాయి. నీకెందుకు శ్రమ?"

"మా అన్నయ్యని గోతిలోకి పంపినాయన నా శ్రమ గురించి మాట్లాడుతున్నాడు. కానివ్వు."

నల్లటి తెర మీద రాయుడు, ఫైళ్ళని పక్కపక్కన పెట్టి పోల్చే ఎస్‌డిఫ్ కమాండూ, రెండు ఫైళ్ళ పేర్లూ, కలిపి రాయాల్సిన కొత్త ఫైలు పేరూ కొట్టాడు. తెర రెండుగా చీలింది. ఎడమవైపు చిట్టి ఫైలు, కుడివైపు రాయుడిది. ఒకేలా ఉన్న లైన్లు వాటంతటవే పైకి జరిగిపోతాయి. తేడా వచ్చిన చోట మాత్రం ఆగి, ఏది ఉంచమంటావని అడుగుతుంది. ఎల్ కొడితే ఎడమది ఉంటుంది, ఆర్ కొడితే కుడిది. జవాబు చెప్పకపోతే ఎంతసేపైనా అలాగే నిలబడుతుంది.

"ఆసుపత్రి వెనక సందు," చదివింది చిట్టి. "తెరిచుందని నేను. మూశారని నువ్వు."

"పైపు పగిలిందన్నారు."

చిట్టి ఫోను తీసి సందు చివరి టైలరుకి కలిపింది. పైపు పొద్దున్నే బాగుచేశారన్నాడాయన. ఎల్ కొట్టింది.

"చూశావా? అడిగితే చెప్తారు మనుషులు."

మామూలుగా అయితే రాయుడు ఒకటికి రెండు అంటించేవాడు. ఇవాళ నుదుటి మీద చెమట తుడుచుకుంటున్నాడు, కుర్చీ కింద కాలు ఆగకుండా ఊగుతోంది. పన్నెండుంపావుకి ఇంకా తొంభై మిగిలాయి.

పోనుపోను అతని తొందర ఎక్కువైంది. చిట్టి చదవడం పూర్తికాకముందే వేలు ఆర్ మీదికి పోతోంది. ఒకసారి ఊరుకుంది, రెండుసార్లు ఊరుకుంది. మూడోసారి టక్కున అతని మణికట్టు పట్టుకుంది.

"చెయ్యి తియ్యి."

ఇన్నాళ్ళ ప్రేమలో ఆమె అతని చెయ్యి పట్టుకోవడం అదే మొదలు. ఇద్దరికీ ఆ సంగతి తెలిసింది. ఇద్దరూ తెర వైపే చూశారు.

తెర మీద ఎడమవైపు ఖాళీ. కుడివైపు ఒకే ఒక్క లైను. గడియారం వీధి, మూసివేత, శనివారం, నాలుగూ ఇరవై.

చిట్టి రెండుసార్లు చదివింది.

"రాయలేదన్నావు."

అతను వేలు వెనక్కి తీసుకున్నాడు.

"శనివారమే రాశావు. ఇదెక్కడి ఫైలు?"

"పాత కాపీ. పెన్‌డ్రైవు పంపేముందు నా దగ్గర ఒకటి దాచుకుంటాను. సోమవారం నుంచి వచ్చినవి నిన్న రాత్రి దాన్లో ఎక్కించాను."

"మరి నిన్న నీ ఫైల్లో ఎందుకు లేదు? పోనీ శనివారం రాసినవాడికి మంగళవారం గుర్తులేదా?"

"రోజుకి నలభై వీధులు వస్తాయి చిట్టీ. అన్నీ గుర్తుండేటట్టయితే ఫైలెందుకు?"

అన్నాక గాని తనేం చెప్పేశాడో అతనికి అర్థం కాలేదు. మర్చిపోయి కాదు, ఫైల్లో చూసే బండి పంపాడు. చూసినప్పుడు ఆ లైను అక్కడ లేదు.

చిట్టికి ఆదివారం గుర్తొచ్చింది. మూడో వాయిదా విన్న కోపంలో పెన్‌డ్రైవు గుచ్చింది. ఇంత ఓపిగ్గా ఒక్కో తేడా చూసే మనసు లేక, ముందు అతని ఫైలుని తన దగ్గరికి తెచ్చుకుందామని, ఫైలుని కాపీ చేసే సీపీ కమాండు కొట్టింది. సీపీ ఏమీ అడగదు. ముందు పేరు కొట్టిన ఫైలుని తీసుకెళ్ళి వెనక పేరు కొట్టినదాని మీద పడేస్తుంది. ఆ రెండు పేర్లూ తను తిరగేసి రాసింది. అతని ఫైలు తనకి రాలేదు, తన ఫైలే వెళ్ళి అతనిదాని మీద కూర్చుంది. రెండూ ఒకేలా కనబడితే, తేడాల్లేవు పీడా పోయిందనుకుని తిరిగి పంపేసింది.

గోతి దగ్గరికి అన్నయ్యని పంపింది తనే.

"నీకెప్పుడు తెలిసింది?"

"నిన్న సాయంత్రం."

"తెలిసే సంతకం పెట్టావా?"

"అది మీ అన్నయ్య బండి. నీ చేత్తో జరిగిందని తెలిస్తే నువ్వు తట్టుకోలేవనుకున్నాను. నా కుర్చీ పోతే ఇంకోటి దొరుకుతుంది."

ఏడుపూ కోపమూ ఒకేసారి వచ్చాయి చిట్టికి. కోపమే ముందు నోటికందింది.

"ఈ మిషనుకున్న బుద్ధి కూడా లేదు నీకు. తేడా ఉన్న చోటల్లా ఆగి అడుగుతోంది. నువ్వు నన్నొక్క మాట అడిగావా? నా తప్పు నాకు తెలియకుండా తీసుకెళ్ళి నీ పేరు మీద రాసుకుంటావా? అదేం ప్రేమ? నేనంత చేతకానిదాన్నా?"

"కాదు," అన్నాడు రాయుడు మెల్లగా. "నాకే భయమేసింది."

చిట్టి కళ్ళు తుడుచుకుంది. ఆర్ కొట్టింది. గడియారం వీధి కొత్త ఫైల్లోకి వెళ్ళింది.

"ఇంకెన్ని?"

"నలభై ఒకటి."

"చదువు. బళ్ళు ఎదురుచూస్తున్నాయి."

ఒకరు చదివితే ఒకరు కొట్టారు. అనుమానం వచ్చిన ప్రతి వీధికీ ఫోన్ చేశారు. ఒంటిగంటకి ఏడు నిమిషాలున్నాయనగా ఆఖరి తేడా తేలింది.

మేడమ్ గదిలో అన్నయ్య కూడా ఉన్నాడు, నిన్నటి డ్యూటీ రిపోర్టు రాస్తూ. చిట్టి ఫైలు అప్పగించి, అన్నయ్య వైపు తిరిగి, ఆదివారం సంగతి మొదట్నుంచీ చివరిదాకా చెప్పింది. ఎక్కడా నీళ్ళు నమలలేదు. చెబుతున్నంతసేపూ అన్నయ్య కలం కదల్లేదు.

రాయుడు సంతకం పెట్టిన కాగితాన్ని మేడమ్ అడ్డంగా చింపింది.

"పదిహేను రోజులు నువ్వు కంట్రోల్ రూములో ఫోనెత్తకూడదు," అంది చిట్టితో. రాయుడితో, "అబద్ధం రాసిచ్చినందుకు నీకూ అంతే," అంది. ఇద్దరి మధ్యా కేబుల్ వేయించకుండా ఇరవై రోజులు ఊరుకున్నందుకు తన పేరూ రాయాలంటూ, హెడ్డాఫీసుకి పంపడానికి తెల్లకాగితం తీసింది.

అన్నయ్య లేచి వరండాలోకి వెళ్ళిపోయాడు. బయట వాన దంచుతోంది. చిట్టి గుమ్మంలోనే ఆగిపోయింది. రాయుడే వెనకాల వెళ్ళాడు.

"మీతో ఒక మాట మాట్లాడాలండీ. మీ చెల్లెల్ని పెళ్ళి చేసుకోవాలనుకుంటున్నాను."

అన్నయ్య అతన్ని ఎగాదిగా చూశాడు. "నిన్న మర్చిపోయానని నా మొహం మీదే అబద్ధమాడావు. రేపు దీని దగ్గర ఎన్ని దాస్తావు?"

"దాస్తే బతకనివ్వదండీ. ఇందాకే తెలిసొచ్చింది."

అన్నయ్య మీసం కింద ఏదో కదిలింది. నవ్వని చెప్పలేం. "నన్నడుగుతావేంటయ్యా? దాన్నడిగావా?"

అడగలేదు. ఇరవై రోజుల్లో అన్నీ మాట్లాడాడు, అదొక్కటీ అడగలేదు. గుమ్మంలో నిలబడ్డ చిట్టి వైపు తిరిగాడు.

"నన్ను పెళ్ళి చేసుకుంటావా?"

చిట్టి గుమ్మం దాటి అతని దగ్గరికి వచ్చింది.

"చేసుకుంటాను," అంది. "కానీ ముందు ఆసుపత్రికెళ్ళాలి. ఆ పెద్దాయనకి, వాళ్ళింట్లోవాళ్ళకి, తప్పు నాదని చెప్పాలి. ఒక్కదాన్నే వెళ్ళాలంటే భయంగా ఉంది. వస్తావా?"

"పద," అన్నాడు రాయుడు.

అన్నయ్య గోడకి ఆనించిన గొడుగు తీశాడు. ముగ్గురికి చాలే గొడుగు కాదది. అయినా విప్పి చెల్లెలి నెత్తిన పట్టాడు.

"నా డ్యూటీ అయిపోయింది," అన్నాడు. "నేనూ వస్తాను."